మేతలో పడిన కంచం

చెత్త కాల్చి కరెంటు తీసే ఆ కర్మాగారంలో క్రేను నడిపే పెద్దాయనకి చెవుడు. టర్బైను పక్కన ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి చెవులు మిగులుతాయా? చెవులు పోయాక, పోనీలెమ్మని పైనున్న గాజుగదిలో కూర్చోబెట్టారు. కింద చెరువంత గుంత. ఊరు పారేసిందంతా లారీలు తెచ్చి అందులో కుమ్మరిస్తాయి. క్రేనుకున్న ఇనపగోళ్లతో దాన్ని ఎత్తి కొలిమి నోట్లో వేయడమే ఆయన పని. అక్కడివాళ్లు దాన్ని 'మేత' అంటారు. మేత ఆగితే మంట తగ్గుతుంది, ఊళ్లో దీపాలు మిణుకుమంటాయి.

భార్య ఉన్నన్నాళ్లూ చెవుడు ఆయనకి లోటనిపించలేదు. అన్నం వేళకి ఆవిడ గరిటెతో కంచం మీద మూడుసార్లు గట్టిగా కొట్టేది. “చెవిటి మహారాజుగారికి ఇదే గంట” అని నవ్వేది. ఆవిడ పోయి రెండు నెలలైంది. ఆ కంచం కళ్లబడితే ముద్ద గొంతు దిగడం లేదని, సోమవారం పొద్దున్నే గరిటెతో సహా చెత్తసంచిలో పడేసి గుమ్మం బయట పెట్టేశాడు. ఆ సంచి ఎక్కడికి చేరుతుందో ఊరందరికన్నా ఆయనకే బాగా తెలుసు. దీపం కిందే చీకటి అన్నట్టు, ఆ పూట ఆయనకే అది తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం. ఆ గుంతకి పగలూ రాత్రీ ఒకటే. పులిసిన కంపు గాజు సందుల్లోంచి కూడా దూరుతోంది. చెత్తలోంచి లేచే ఆవిరి తెరలు తెరలుగా అద్దం మీద పాకుతోంది. ఆయన ఒక మేత ఎత్తాడు.

టంగ్... టంగ్... టంగ్.

చెవిమిషను పాడైందనుకున్నాడు. తీసి జేబులో వేసుకున్నాడు. మోటారు హోరు ఆగిపోయింది. అంతా నిశ్శబ్దం.

టంగ్... టంగ్... టంగ్.

ఇంకా దగ్గరగా.

ఎత్తినదాన్ని గాల్లోనే ఆపేశాడు. 'ఇంటికి తీసుకెళ్లిపోతానే, ఇంకెప్పుడూ పారేయను' అనుకున్నాడు. ఏడుపు ఆగలేదు.

తలుపు తోసుకుని షిఫ్టు ఇన్‌ఛార్జి అమ్మాయి వచ్చింది. ఆమె పెదవులు చూసి మాట పోల్చుకున్నాడు.

“మేత ఆపేశారేంటి బాబాయ్? మంట పడిపోతోంది!”

“అందులో మా కంచం ఉందమ్మా... పిలుస్తోంది.”

ఆ పిల్ల చెవి రిక్కించింది. మొహం పాలిపోయింది గానీ తల అడ్డంగా ఊపింది. “నాకేం వినపడట్లేదు. వదిలేయండి బాబాయ్... ఊరంతా చీకటైపోద్ది.”

ఆయన గాల్లో వేలాడుతున్న మేత వైపు చూశాడు. చివరికి బొత్తాం నొక్కాడు. గోళ్లు విచ్చుకున్నాయి.

టంగ్... కొలిమి నోట్లోంచి.

టంగ్... ఇంకా లోపల్నుంచి.

మూడోది వినపడలేదు. పని దిగేవరకూ దానికోసమే చూశాడు.

సాయంత్రం ఇంటి తాళం తీసి దీపం వేశాడు. చెవిమిషను ఇంకా జేబులోనే ఉంది.

టంగ్.

వంటింట్లోంచి.

“వస్తున్నానే” అనేశాడు, అలవాటుకొద్దీ.

అక్కడ ఎవరూ లేరు. భోజనాల బల్ల మీద, ఆవిడ కూర్చునే వైపు, కంచమంత గుండ్రంగా చెక్క నల్లగా కాలి ఉంది. వేలు పెట్టి చూశాడు. చురుక్కుమంది.

ఆయన పారేసింది ఒక్క కంచమే. కానీ బల్లకి ఇవతల, తన కుర్చీ ముందు, రెండో మచ్చ అప్పుడే పొగలు కక్కడం మొదలుపెట్టింది...