మోటారు ఆపు, క్లైవ్

ఆ రోజు కర్రాబిన్ ఊళ్ళో ఎండ మామూలుగానే కాసింది. క్లైవ్ హార్ట్‌నెల్ పొలంలో యంత్రాల షెడ్డు ముందు చుట్టుపక్కల రైతులంతా చేరారు. ఆడవాళ్ళు సాసేజీలు కాల్చి, వేగిన ఉల్లిపాయలతో రొట్టెలో పెట్టి అందిస్తున్నారు. లామింగ్టన్ కేకుల పళ్ళెం మీద ఎవరో టోపీ కప్పారు, ఈగలకి. కోతలు అయిపోయి నెల దాటింది. ఇనుప గాదెల నిండా గోధుమలు. వాటి కప్పుల మీద గులాబీరంగు గలా పిట్టలు ఒకటే గోల.

గింజల్లో మనుషులు ఎలా కూరుకుపోతారు, వాళ్ళని బయటికి ఎలా తీయాలి అని పరీక్షలు చేయడం, తేలినదాన్ని ఊరూరా తిరిగి రైతులకి చూపించడం మా పని. నాతోపాటు డెస్ ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు అగ్నిమాపక దళంలో చేసి వచ్చాడు. మూడో మనిషి బెర్ట్. అంటే బొమ్మ. గట్టి రబ్బరుతో చేసిన నిలువెత్తు బొమ్మ, చేతులు రెండూ ఒంటికి అతుక్కునే ఉంటాయి. గాదెలో కూరుకుపోవడం వాడి ఉద్యోగం.

ఆ ఏడాది నుంచి మార్లీన్ కూడా మాతో వస్తోంది. ఆవిడ భర్త రూబెన్ క్లైవ్ దగ్గర పనిచేసేవాడు. ఇక్కడే, ఈ చివరి గాదెలోనే, గింజల కింద ఊపిరాడక పోయాడు. ప్రతి ఊళ్ళో మా ప్రదర్శన అయ్యాక మార్లీన్ లేచి నిలబడి, తన మొగుడు ఎలా పోయాడో చెబుతుంది. ఎవరూ కదలరు. మేం చూపించే లెక్కలకన్నా ఆవిడ మాటలే వాళ్ళకి గుర్తుంటాయి. కర్రాబిన్‌కి రావడం మాత్రం అదే మొదలు.

"నువ్వు వ్యానులో కూర్చో మార్లీన్. ఈ ఒక్క చోటికీ నేను మాట్లాడతాలే," అన్నాడు డెస్.

"కూర్చోడానికి రాలేదు," అంది.

మమ్మల్ని పిలిచింది క్లైవే. తన గాదెలోనే చూపించమన్నాడు. పెద్ద మనసని ఊరంతా మెచ్చుకుంది. మనిషి భారీగా, ఎర్రగా, నవ్వుతూ ఉంటాడు. షెడ్డు ముందున్న చెక్కపెట్టె మీదికెక్కి టోపీ తీశాడు.

"రూబెన్ మంచి పనివాడు. కాని మాట వినేవాడు కాదు. మోటారు ఆపేదాకా ఆగరా బాబూ అన్నాను. ఆగలేదు, దిగిపోయాడు. ఒక్క నిమిషం తొందర... అంతే. అలాంటిది ఇంకెవరికీ జరక్కూడదనే ఈ ఏర్పాటు."

అందరూ తలలు వంచుకున్నారు. మార్లీన్ వంచలేదు.

"మూడేళ్ళుగా ఇదే మాట చెబుతున్నాడు," అంది నాతో, నెమ్మదిగా. "ఒక్కసారైనా తడబడ్డాడా చూడు."

"మరి నిజంగా ఏమైంది?"

"ఆ మధ్యాహ్నం రూబెన్ ఫోన్ చేశాడు. లోపల గింజ గడ్డ కట్టింది, దిగి పొడవమంటున్నాడు క్లైవ్, మోటారు ఆపమంటే నవ్వుతున్నాడు అన్నాడు. విచారణలో చెప్పాను. క్లైవ్ లేదన్నాడు. అక్కడున్నది వాళ్ళిద్దరే. ఒకడు పోయాడు. ఇక రెండోవాడి మాటే నిజమైంది."

డెస్ పని మొదలుపెట్టాడు. గాదె పైమూత తీసి, బెర్ట్‌కి నడుం పట్టీ కట్టి తాడుతో లోపలికి దించాం. గాదె అడుగున గింజల్ని బయటికి లాగే పెద్ద మర ఉంటుంది. మోటారుతో తిరుగుతుంది. దాన్ని కాసేపు తిప్పగానే గోధుమలు మధ్యలో సుడిలా దిగాయి. బెర్ట్ చంకల దాకా మునిగాడు. వెంటనే డెస్ మోటారు ఆపి, కరెంటు పెట్టెకి తాళం వేసి, మోటారు బెల్టు కూడా ఊడదీసి భుజాన వేసుకున్నాడు.

"ఇప్పుడు లాగండయ్యా," అన్నాడు. తాడు పైనున్న కప్పీ మీదుగా కిందికొచ్చి, ఒక కాటాకి తగులుకుని ఉంది. ఎంత బలంతో లాగుతున్నారో ముల్లు చూపిస్తుంది.

నలుగురు లాగారు. తర్వాత ఎనిమిదిమంది. ముల్లు గిర్రున తిరిగింది గాని బెర్ట్ కదల్లేదు.

"ఏమోయ్ డెస్, మీ బొమ్మకి లోపల పెళ్ళాం గాని దొరికిందా? రానంటున్నాడు!" అని క్లైవ్ అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

డెస్ నవ్వలేదు. "ఇది బొమ్మ. మీ తమ్ముడైతే ఏం చేస్తారు? దూకుతారు. మీరూ పోతారు. లోపల్నుంచి మీవాళ్ళ గొంతు వినిపించినా సరే, దిగకండి. మోటారు ఆపండి. అగ్నిమాపక దళాన్ని పిలవండి. గాదె పక్కలు కోసి గింజలు బయటికి వదలండి."

తర్వాత మాట్లాడాల్సింది మార్లీన్. ఆవిడ చెక్కపెట్టె దగ్గరికి నడిచేలోపు గలా పిట్టలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. అన్నీ కలిసి లేచి తూర్పుకి ఎగిరిపోయాయి.

పడమటి దిక్కున నేల లేచి నిలబడ్డట్టు ఎర్రటి గోడ. దుమ్ము తుఫాను.

"షెడ్డులోకి!" అని ఎవరో కేకేశారు. పిల్లల్ని చంకనేసుకుని జనం పరిగెత్తారు. తాడు కట్టడానికి నేనూ డెస్సూ ఉండిపోయాం. మార్లీన్ కదల్లేదు. తన గాదె మూత ఎగిరిపోతుందని క్లైవ్ మా వెనకే వచ్చాడు.

గోడ వచ్చి మీద పడింది.

పట్టపగలు చీకటి. నల్లటి చీకటి కాదు, పాత నెత్తురు రంగు చీకటి. పళ్ళ మధ్య ఇసుక. కాల్చిన మట్టి వాసన. మూతికి గుడ్డ కట్టుకుని గాదె పక్కన నక్కి కూర్చున్నాం. గాలి హోరులో ఇనుప రేకు మూలుగుతోంది.

కాసేపటికి ఆ వాసన మారింది. తడిసి పులిసిన గింజ వాసన. ఆ ఊళ్ళో వానపడి ఎన్నాళ్ళో అయింది.

అప్పుడు నా వీపుకి ఆనిన రేకు వణకడం మొదలైంది.

"డెస్," అన్నాను. "మర తిరుగుతోంది."

"ఎలా తిరుగుతుంది?" భుజాన ఉన్న బెల్టు చూపించాడు. కరెంటు పెట్టెకి తాళం అలాగే ఉంది. ఆ తాళం మీద చెయ్యి వేసి, కాలినట్టు తీసేశాడు.

గాదె లోపల గింజ జారుతోంది. సన్నగా... ఎడతెరిపి లేకుండా... ఎవరో నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టు. తాడు బిగిసింది. ఈ కొస ఎవరూ పట్టుకోలేదు. కాటా ముల్లు కదిలింది. ఎక్కుతోంది... ఎక్కుతూనే ఉంది...

లోపల్నుంచి లాగుతున్నారు.

"క్లైవ్..."

గాలి అనుకున్నాను.

"క్లైవ్... మోటారు ఆపు, క్లైవ్..."

మార్లీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రూబెన్‌ని ఎప్పుడూ చూడలేదు, ఆ గొంతు వినలేదు. అయినా ఆవిడ ముఖం చూడగానే తెలిసిపోయింది.

క్లైవ్ లేచి నిలబడ్డాడు. దుమ్ము పట్టిన ముఖం మీద చెమట చారలు.

"నోరు ముయ్యి," అన్నాడు గాదె వైపు చూసి.

"మోకాళ్ళ దాకా వచ్చింది, క్లైవ్..."

"నోరు ముయ్యరా!" పిడికిలితో రేకు మీద బాదాడు.

"నడుం దాకా వచ్చింది... నవ్వొద్దు క్లైవ్... ఆపు..."

మార్లీన్ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "విన్నావన్నమాట," అంది. "ఆ రోజు ఇదంతా విన్నావు."

క్లైవ్ పిడికిలి దించాడు. "ఆటలాడుతున్నాడు అనుకున్నా. రెండు నిమిషాలు ఏడవనీ, పని దొంగ వెధవ అనుకున్నా... తర్వాత పిలుపు ఆగిపోయింది. అలిగాడేమో అనుకున్నా."

"ఛాతీ దాకా వచ్చింది..."

క్లైవ్ నిచ్చెన పట్టుకున్నాడు.

"దిగొద్దు!" అని డెస్ అరిచాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను, చినిగి నా చేతిలోకి వచ్చింది. అందరికన్నా గట్టిగా పట్టుకుంది మార్లీన్. ఆయన కాలు వాటేసుకుని వేలాడింది.

"వెళ్ళకు క్లైవ్! వాడు నిన్ను బతకనివ్వడు. చెప్పేశావుగా, చాలు. రేపు నలుగురి ముందూ చెబుదువు గాని. దిగు!"

"ఇప్పుడు ఆపకపోతే ఎప్పటికీ పిలుస్తాడు," అన్నాడు క్లైవ్. విదిలించుకున్నాడు. మార్లీన్ కింద పడింది.

ఎర్రటి మసకలో ఆయన బూట్లు పైకి వెళ్ళడం కనిపించింది. మూత దగ్గర బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి లోపలికి చాచాడు.

"ఇదిగో రూబెన్. చెయ్యి... చెయ్యి ఇవ్వరా బాబూ. లాగుతాను. ఈసారి లాగుతాను..."

ఒక క్షణం ఏమీ లేదు.

తర్వాత ఆయన నిట్టూర్చాడు. ఎవరో నిజంగానే చెయ్యి అందించినట్టు, బరువు దిగినట్టు. "హమ్మయ్య," అన్నాడు.

మరుక్షణం బూట్లు రెండూ పైకి లేచి, గాదె నోట్లోంచి లోపలికి పోయాయి.

నేను నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాను. మార్లీన్ నా నడుం పట్టి వెనక్కి లాగింది. "దిగొద్దని ఊరూరా చెప్పేది నువ్వే కదా," అంది.

డెస్ అప్పటికే రేకు కోసే రంపం ఆన్ చేశాడు. తుఫానులో నిప్పురవ్వలు. ముందు ఒక పక్క కోశాడు, తర్వాత దానికి ఎదురు పక్క. గోధుమలు జలపాతంలా దూకాయి. నేను పారతో ఎత్తి పోస్తున్నాను. ఎంత పోసినా లోపల జారుడు చప్పుడు తగ్గలేదు. మర అలాగే తిరుగుతోంది.

మార్లీన్ రేకుకి నుదురు ఆనించింది.

"రూబెన్," అంది. "నేనే. చాలురా. వదిలెయ్. నాకోసం వదిలెయ్."

రేకు మూలుగు ఆగింది. గాలి కూడా ఆగినట్టు అనిపించింది. రేకు అవతల, ఆవిడ చెవికి అతి దగ్గరగా, మెల్లగా...

"నాకోసం మోటారు ఆగిందా, మార్లీన్?"

తర్వాత చాలాసేపు మర తిరిగింది. అది దానంతట అదే ఆగినప్పుడు, ఎందుకు ఆగిందో మా ముగ్గురికీ అర్థమైంది.

తుఫాను వెలిసింది. షెడ్డులోంచి జనం వచ్చారు. గింజ దిగాక కోసిన సందులోంచి క్లైవ్ కనిపించాడు. నిలువుగా నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి పైకి చాచి ఉంది. ఆయన మోకాళ్ళ దగ్గర బెర్ట్. వంగని రబ్బరు చేతులు రెండూ ఆయన కాళ్ళ చుట్టూ పెనవేసుకుని ఉన్నాయి. వాటిని విడదీయడానికి నలుగురు కావలసివచ్చింది. ఒక్కరూ జోకు వెయ్యలేదు.

మేం ఆ ఊళ్ళో ఉండగానే పోలీసు అధికారి మా బసకి వచ్చాడు. నెమ్మదస్తుడు, తనూ రైతు కొడుకే. టీ ఇస్తే తాగలేదు. చిన్న ప్లాస్టిక్ సంచీ బల్ల మీద పెట్టాడు.

"క్లైవ్ గొంతులోంచి డాక్టరు తీసినవి," అన్నాడు. "ఆ గాదెలో ఉన్నవి గోధుమలే కదా?"

"గోధుమలే," అన్నాడు డెస్.

సంచీలో ఉన్నవి గోధుమలు కావు. బార్లీ.

మార్లీన్ ముట్టుకోలేదు. దూరంనుంచే చూసింది. "రూబెన్ పోయిన ఏడు అందులో ఉన్నది బార్లీ," అంది. "వాన తగిలి గడ్డ కట్టింది. ఆ తర్వాత క్లైవ్ ఇంకెప్పుడూ బార్లీ వెయ్యలేదు."



"ఎంతసేపున్నాడు లోపల?" అని అడిగాడు అధికారి.

"గంట కూడా లేదు," అన్నాను.

"డాక్టరు కూడా అదే నమ్మలేకపోతున్నాడు. ఒకసారి సరిగా చూడండి."

సంచీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. ప్రతి గింజకీ తెల్లటి మొలక. కొన్నిటికి ఆకుపచ్చ కొస కూడా తొడిగింది. మొలకలున్నాయి గాని ఒక్కదానికీ వేరు లేదు. అన్నీ కత్తితో కోసినట్టు తెగి ఉన్నాయి.

"వేళ్ళు ఏవి?" అన్నాను.

ఆయన సంచీ నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నాలుకలోకి దిగిపోయాయి," అన్నాడు. "అవి రాలేదు."