గుర్రానికి పేరుంది, ఆమెకు లేదా?

"పేరేది అమ్మమ్మా? ఇక్కడ పేరే లేదేంటి?"

డార్లా అరుపుకు పక్క సమాధి మీది కాకి ఎగిరిపోయింది.

చర్చి వెనక కొండవాలులో పాత సమాధి రాళ్ళు ఒరిగిపోయి ఉన్నాయి. అమ్మమ్మ వెల్డా చూపించిన రాతిమీద ఉన్నది ఇంతే: ‘అబ్సలోమ్ టాకెట్ భార్య. 1893లో కన్నుమూసింది.’

పక్కనే అబ్సలోమ్ రాయి. దానిమీద అతని పేరు, పుట్టిన ఊరు, యుద్ధంలో అతని దళం పేరు అన్నీ ఉన్నాయి. అతని గుర్రం పేరు కూడా ఉంది!

"గుర్రానికి పేరుందా! ఆయన యుద్ధానికి పోతే పొలం దున్నింది ఎవరు? ఈవిడేగా?" డార్లా కాలు నేలకేసి కొట్టింది.

శుక్రవారం క్లాసులో తమ ఇంటి పాతకాలపు మనిషి ఒకరి గురించి చెప్పాలి. డార్లా ఈమెను ఎంచుకుంది. అమ్మమ్మకు ముత్తవ్వ. ఇంట్లో ఎవరినడిగినా ‘టాకెట్ అవ్వ’ అంటారు తప్ప అసలు పేరు ఎవరికీ తెలియదు.

"కింద ఇంకో వరుస ఉన్నట్టుంది. నాచు పట్టేసింది," అంది అమ్మమ్మ. "నీళ్ళు తెస్తా. నేనొచ్చేదాకా చెయ్యి పెట్టకు."

అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు. బకెట్ పట్టుకుని మెల్లగా పంపు వైపు నడిచింది.

డార్లా ఆగలేకపోయింది. అమ్మమ్మ ట్రక్కులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి గీకింది. నాచు రాలింది. ఏవో అక్షరాలు కనిపించాయి. పళ్ళు బిగించి ఇంకా గట్టిగా గీకింది.

ఫట్‌మని అరచేయంత పెచ్చు ఊడింది. కిందపడి పొడిపొడి అయింది.

"ఏం చేశావే!" అమ్మమ్మ చేతిలో బకెట్ జారిపోయింది. "చెయ్యి పెట్టొద్దని చెప్పానా లేదా?"

"నేను కావాలని చేశానా? పేరు చెక్కనివాళ్ళదే తప్పు!"

"చెక్కారే పిల్లా! అదిగో, అక్కడ చెక్కారు. నూరేళ్ళకు పైగా ఎండకీ వానకీ పోకుండా ఉంది. నువ్వు ఒక్క నిమిషంలో చెరిపేశావు."

 డార్లాకు ఇందాకటి కోపమంతా తన చేతిలోని స్క్రూడ్రైవర్ మీదికి తిరిగింది.

 అమ్మమ్మ ఇంకో బకెట్ నీళ్ళు తెచ్చి, మెత్తని బ్రష్‌తో మిగిలిన నాచును తడిపింది. నానేదాకా ఆగి తుడిచింది. పర్సులోంచి చిన్న అద్దం తీసి, ఎండను పక్కనుంచి రాతిమీదికి తిప్పింది. అరిగిపోయిన అక్షరాల్లో నీడలు నిండాయి.

‘...నా. ఏసా, టెంపరెన్స్ గిల్పిన్‌ల కూతురు.’

పేరులో చివరి ముక్క ఒక్కటే మిగిలింది.

శుక్రవారం డార్లా ఛార్టు మీద పేరు దగ్గర ఖాళీ ఉంది. "ఎలీనా అని రాసెయ్. ఎవరు చూడొచ్చారు?" అంది పక్క సీటు మొరీన్.

"నిన్ను ఏ పేరు పడితే ఆ పేరుతో పిలిస్తే పలుకుతావా?" డార్లా కస్సుమంది. టీచర్ అడిగితే స్క్రూడ్రైవర్ సంగతి కూడా దాచకుండా చెప్పింది.

ఆదివారం అమ్మతో పక్క ఊరికి వెళ్ళింది. గిల్పిన్‌ల సమాధులు అక్కడున్నాయి. టాకెట్ అవ్వ తల్లి టెంపరెన్స్ రాయి కూడా నాచుతో పచ్చగా ఉంది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. గడియారం చూసుకుంటూ విసుక్కుంది.

"నాకు డ్యూటీకి టైమవుతోంది. కారు తాళంతో రెండు గీతలు గీస్తే పోతుంది కదే!"

"అమ్మా! చెయ్యి తియ్!"

డార్లా తాళాలు లాక్కుని జేబులో వేసుకుంది.

"నా ఉద్యోగం పోతే నువ్వు పోషిస్తావా?"

"రాయి పోతే ఎవరు తెస్తారు?"

నీళ్ళు పోసింది. ఆగింది. మళ్ళీ పోసింది. వేళ్ళు చల్లబడ్డా తొందరపడలేదు. మెల్లగా తుడిచి, అమ్మమ్మ ఇచ్చిన అద్దాన్ని ఎండకు తిప్పింది. ముందు టెంపరెన్స్ పేరు, కింద ఆమె పిల్లల పేర్లు ఒక్కొక్కటే తేలాయి.

"ఏముంది?" అమ్మ కూడా మోకాళ్ళ మీద కూర్చుంది.

"టాకెట్‌ను పెళ్ళాడిన..." డార్లా ఆ వరుసను మళ్ళీ వేలితో తడిమింది. లేచి నిలబడి శ్మశానమంతా వినబడేలా అరిచింది.

"లొవీనా! ఆమె పేరు లొవీనా!"