కిటికీ కింద కాంక్రీటు

"పెట్టె మన చేతికి రావాలి. లోపల విషం నింపిన గాజుగొట్టం పగలకూడదు. పగిలితే ఊరు వల్లకాడే," అన్నాడు చీఫ్. "నెలాఖరుకి విదేశీ ముఠా దాన్ని సరిహద్దు దాటిస్తుంది."

"లోపల మనవాళ్లున్నారా సార్?"

"నెమలి ఉంది. ముఠా డైరెక్టర్‌కి సెక్రటరీ. డబుల్ ఏజెంట్. ఎడమ జూకా సర్దుకుందంటే అంతా సిద్ధమని కోడ్."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"అది ఆమెకే తెలియాలి."

మర్నాడే ఏజెంట్ పిడుగు నీలం కోటు తొడుక్కుని టెక్నీషియన్ వేషంలో ముఠా అడ్డాలో చేరింది. పైకి అది ప్యాకింగ్ సామాను కంపెనీ. ఆమె పని పెట్టెలకు సెన్సార్లు అంటించి కిందికి వదలడం, నేలను తాకిన క్షణంలో ఎంత స్ట్రెస్ పడిందో లెక్కగట్టడం. పరీక్షలో ఓడిన ఫోమ్‌ని అందరూ కిటికీలోంచి పెరట్లోకి గిరాటేసేవాళ్లు. డైరెక్టర్ మాత్రం పై అంతస్తు కుర్చీ దిగిన పాపాన పోలేదు.

నెలాఖరున పెట్టెను తరలించడానికి సేఫ్ తెరిచారు. దాన్ని కాజేసి టెస్ట్ రూమ్‌లోకి దూరిన పిడుగు వెనకాలే డైరెక్టర్ పిస్తోలుతో వచ్చాడు. అతని పక్కన అత్తరు ఘుమఘుమలతో నెమలి.

పిడుగు చెయ్యి వెనక్కి పెట్టి, పెట్టెను కిటికీ బయటికి చాపింది.

"పిచ్చిపని చెయ్యకు," అన్నాడు డైరెక్టర్. "మూడో అంతస్తు. కింద కాంక్రీటు. పెట్టె మిల్లీమీటరులో ఆగుతుంది. గాజు తట్టుకునేదానికి ఇరవై రెట్లు స్ట్రెస్. లెక్క నేనే వేశాను."

"అరమీటరు మెత్తగా దిగి ఆగితే అందులో ఐదొందలో వంతు. ఆ లెక్క వేశారా?"

డైరెక్టర్ నవ్వాడు. "ఫోమ్ చెత్త ఉందనా నీ ధీమా? పొద్దున్నే ఊడ్పించమన్నాను. ఏం నెమలీ?"

"ఊడ్పించేశాను సార్."

అప్పుడే నెమలి తీరిగ్గా ఎడమ జూకా సర్దుకుంది. నిజమో, నాటకమో! పెట్టె ఇచ్చేస్తే ఎక్కడో ఒక ఊరు చావడం ఖాయం. వదిలితే కనీసం ఆశ ఉంది.

"ఇటివ్వు. మూడు లెక్కపెడతాను. ఒకటి..."

"మీ లెక్కలు చాలు సార్. కాల్చుకోండి. పెట్టె మాత్రం మీకు దక్కనివ్వను!"

"రెండు..."

పిడుగు వేళ్లు వదిలేసింది.

డైరెక్టర్ కెవ్వుమని కిటికీ వైపు దూకాడు. ఆమె కాలు అడ్డం పెట్టింది. అతను బోర్లా పడ్డాడు, పిస్తోలు నెమలి చేతికొచ్చింది. కింద గాజు పగిలిన చప్పుడు లేదు. ఎవరో పరుపు మీద కూలబడ్డట్టు మెత్తగా వినిపించిందంతే. గోడ అవతల కాచుకున్న చీఫ్ మనుషులు పెట్టెను ఎగరేసుకుపోయారు.

"ఊడ్పించానన్నావుగా!" అంది పిడుగు.

"ఊడ్పించానక్కా. పెరడంతా. కుప్ప మాత్రం ఈ కిటికీ కిందే పోయించాను."

బేడీలు పడుతుంటే డైరెక్టర్ గొణిగాడు: "నా లెక్క తప్పే ప్రశ్నే లేదు."

"తప్పలేదు సార్," అంది పిడుగు. "ఒక్కసారి కిటికీలోంచి తొంగిచూసుంటే సరిపోయేది."