దారిలో ఉన్న జవాబు

"మీ డ్రైవర్‌కి పనిచేయడం వచ్చుగానీ, పని మానడం రాదండీ."

ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టరమ్మ మొదటిరోజే అన్న ఈ మాటకు అతనికి ఒళ్లు మండింది. ఎక్కడో ఉన్న డిస్కులను నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్లకు కలిపే డ్రైవర్ ప్రోగ్రాం అది. అతనే రాశాడు. అందుకే ఆఫీసంతా అతన్ని డ్రైవర్ బాబు అని పిలిచేది. పాపం, మనవాడికి సైకిల్ తొక్కడం కూడా రాదు.

"ఆపితే ఆగుతుందిగా?" అన్నాడు ఉక్రోషంగా.

"ఆగుతుంది. మెషీన్ని కూడా వెంటబెట్టుకుపోతుంది." ఆమె ఆపి చూపించింది. స్క్రీన్ నిండా ఎర్ర గీతలు.

తప్పు అతనిదే. ఆపమనగానే డ్రైవర్ తన మెమరీ అంతా ఖాళీ చేసేసేది. అప్పటికే డిస్కుల దగ్గర బయల్దేరిన జవాబు వచ్చి, లేని చోట కాలుపెట్టేది. అంతే, మెషీన్ కుప్పకూలేది.

"తలుపు వేసే ముందు దారిలో ఉన్నవాళ్ల కోసం ఆగాలి కదండీ," అని నవ్వింది. ఆ నవ్వుకు అతని కోపం ఎటుపోయిందో!

ఒక తప్పు సరిచేస్తే ఇంకొకటి బయటపడేది. నిజం చెప్పొద్దూ, రెండు మూడు బగ్గులు ముందే కనిపించినా, ఆమె వచ్చి తిట్టాలనే ఊరుకున్నాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక వానసాయంత్రం ఒకే గొడుగు కింద నడుస్తూ, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగేశాడు.

"నాన్నతో మాట్లాడి చెప్తా. తొందరపెట్టకు," అంది. ఆమె కళ్లు అప్పుడే సరేనన్నాయి. ఆ మొద్దబ్బాయి చూసుకోలేదు.

మర్నాటి నుంచి ఆమె ఆఫీసుకు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వారాలు గడిచాయి. ఇష్టంలేకే మొహం చాటేసిందనుకున్నాడు. అమ్మ ఎప్పటినుంచో పోరుతున్న సంబంధానికి, మనసు విరిగి, సరేననేశాడు.

ఆ తర్వాత ఆమె వచ్చింది, సగానికి సగం చిక్కిపోయి.

"నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రిలోనే ఉండిపోయాను. ఆయన జవాబు లేకుండా నీకేం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తలేదు. మాట మొన్ననే తిరిగొచ్చింది. మొదట నీ గురించే అడిగాను." చేతిలోని గొడుగు ముడుస్తూ అంది, "సరేనమ్మా అన్నారు."

అతను తల దించుకుని చెప్పాడు. "ఇంట్లో వేరే సంబంధానికి ఒప్పుకున్నాను. ఆ అమ్మాయికి మాటిచ్చేశాను."

ఆమె గొడుగు మడతలు సర్దింది.

"ఒక్కసారి ఇంటికొచ్చి అడగాల్సింది."

"ఫోన్ ఎత్తలేదని..."

"పోనీలే. ఆ అమ్మాయిని మాత్రం ఏడిపించకు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "డ్రైవర్ పూర్తయిందన్నారు. ఆపి చూద్దాం."

పక్కనే కూర్చున్నాడు. ఈ ఒక్కసారి కూడా మెషీన్ కూలిపోతే బాగుండుననిపించింది. ఒక్క బగ్గు మిగిలితే చాలు, రేపు ఆమె మళ్లీ రావాల్సి వస్తుంది. ఆమె వేలు కూడా ఆపే మీట మీద ఆగిపోయింది.

నొక్కింది.

డ్రైవర్ దారిలో ఉన్న జవాబులన్నీ వచ్చేదాకా ఓపిగ్గా ఆగింది. తర్వాతే మెమరీ వదిలి, నెమ్మదిగా ఆగిపోయింది. ఒక్క ఎర్ర గీత కూడా లేదు.

"పాసైంది," అందామె కళ్లు తుడుచుకుంటూ.