తోడొచ్చిన గొంతు

ఆ ఆదివారం పొద్దుటినుంచీ ముసురు. కింద ప్రెస్‌కి సెలవు. మిషన్ల చప్పుడు కూడా లేకపోతే మా గది ఎంత ఖాళీగా ఉంటుందో అక్క పోయాకే తెలిసింది.

అక్క ఆ ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేది. చూపు దెబ్బతిన్నాక, తెరమీద అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాం కావలసి వచ్చింది. ఒక కంపెనీ గొంతును అద్దెకిస్తానంది. చదువుకోవడానికి అద్దెనా? అక్షరం ఎవడబ్బ సొత్తు? నేను ఊగిపోయాను. అక్క ఓపిగ్గా అంతా విని, "ఉపన్యాసం అయిపోయిందా బుడ్డోడా? అయితే మనమే ఒక గొంతు చేద్దాం" అంది.

చేశాం. ఫ్యాన్ ఆపేసి, ఇద్దరం దుప్పటి ముసుగేసుకుని, మధ్యలో మైకు. "నేను చెప్తా, నువ్వు పలుకు" అనేవాణ్ణి. చెవిలో వాక్యం చెప్తే ఆమె పలికేది. బండి కదిలింది. ఎవరది? తలుపు వేసి రా. పొంతన లేని వేల వాక్యాలు. వాటినుంచి పుట్టిన గొంతును ప్యాకేజీగా కట్టి ఎవరి సొత్తూ కాని లినక్స్‌తో నడిచే మా కంప్యూటర్లో పెట్టాను. లోకానికి ఉచితంగా పంచాలనుకున్నాం. ఆలోపే అక్క పోయింది.

ఇప్పుడా కంప్యూటర్ని పేటలోని రీడింగ్ రూముకి ఇస్తున్నాను. ఆ రూము నడిపే కళ్ళజోడన్న సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. ఆలోపు అక్క గొంతును పెన్‌డ్రైవ్‌లోకి దాచుకోవాలి. మరెక్కడా దాని కాపీ లేదు. కానీ ముందు చెత్త ఊడ్చేద్దామనిపించింది. పిల్లల పాఠాలు వేయడానికి డిస్కులో చోటు లేదు మరి.

చదివి వినిపించే ప్రోగ్రాంని తీసేశాను. లినక్స్‌లో ఒకటి అడిగితే దానికి తోడుగా మరికొన్ని వస్తాయి. అసలుది పోయాక ఆ తోడొచ్చినవి మిగిలిపోతాయి. ఒక్క ఆదేశమిస్తే అన్నీ పోతాయి. ఊరికే కూర్చుని చోటు తినేవాళ్ళంటే నాకు మొదటినుంచీ మంట. పనిచేయనిదానికి చోటు లేదని ఎన్ని గోడలమీద రాశానో! జాబితా చివరిదాకా చదవకుండానే 'అవును' కొట్టేశాను.

ఒక్కో పేరూ పోతోంది. చివరి పేరు చూశాను.

అక్క గొంతు.

అదీ తోడొచ్చిందే. విడిగా కావాలని నేనెప్పుడూ చెప్పి ఉంచలేదు. వెతికాను. మళ్ళీ వెతికాను. లేదు.

వాన కాస్త తెరిపిచ్చింది. తడి కాగితం వాసన, సిరా వాసన. డిస్కు గిర్రున తిరిగి ఆగింది. స్పీకర్లో చిన్న గరగర...

"తలుపు వేసి రా."

ఏడుపొచ్చింది, సంతోషంతో. ఎక్కడో ఒక ముక్క మిగిలిందనుకున్నాను. అక్కా, అని పిలిచాను.

"ఎవరది?"

ఆ రెండూ మేం రికార్డు చేసినవే. తర్వాతది కాదు.

"ఎవరి కోసం వచ్చావురా ఇక్కడికి?"

నీకోసమే కదా, అన్నాను. ఈ గది, ఈ వీధి... ఆమె తప్ప నాకిక్కడ ఎవరున్నారు?

తెర వెలిగింది. నేనేమీ నొక్కలేదు. 'ఇక అవసరం లేనివి' అని ఉంది. కింద ఒకటే పేరు. బుడ్డోడు. తీసేయమంటారా?

'కాదు' నొక్కాను. మళ్ళీ నొక్కాను.

తెరమీద 'అవును' పడింది...

స్పీకర్ వైరు పీకేశాను.

మెట్లమీద చెప్పుల చప్పుడు. తలుపు తీసే ఉంది. కళ్ళజోడన్న గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి, ఇవాళ ఏ ప్రభుత్వాన్ని కూల్చావోయ్ అని వేళాకోళమాడాడు. కంప్యూటర్ ఇవ్వను, అందులో అక్క ఉంది, అనబోయి నోరు తెరిచాను. పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. గాలి కూడా లేదు.

స్పీకర్లోంచి గుసగుస. అక్కది.

"నేను చెప్తా, నువ్వు పలుకు."

ఆ వెంటనే నా గొంతు. అక్కడినుంచే.

"తీసుకెళ్ళన్నా. నాకిక దీంతో పనిలేదు."

అంతేనా, ఉపన్యాసం లేదా, అని నవ్వి అతను కంప్యూటర్ని ఎత్తుకున్నాడు. అతని చొక్కా పట్టుకున్నాను. దోమను విదిలించినట్టు విదిలించి, నావైపు చూడకుండానే దిగిపోయాడు.

కింద వీధిలో అతను ఎవరితోనో మాట్లాడుతూ వెళ్తున్నాడు. బదులిస్తున్నది నా గొంతు.

స్పీకర్ బల్లమీదే ఉంది. దాని వైరు నా చేతిలో.