నీళ్ళలో ముంచని ట్యూబు

"పన్ను కదులుతోందండి."

"ఏ వైపు?"

"సముద్రం వైపు."

కోడ్ సరిపోయింది. తెనాలి పళ్ళ డాక్టరు తలుపు గడియ వేశాడు. ఆ తెల్లకోటు లోపలి మనిషి డాక్టరు కాదు, సీక్రెట్ సర్వీస్ చీఫ్ శేషగిరిరావు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాడు ఏజెంట్ ఆశీర్వాదం. అది 1991 జనవరి.

"రేపు బాపట్లలో ఇంటర్నేషనల్ బి.ఎం.ఎక్స్. ఛాంపియన్‌షిప్. చిన్న చక్రాల సైకిళ్ళు మట్టిదిబ్బల మీంచి ఎగురుతాయే, అదీ. ఫైనల్లో ఒక సైకిలు పేలబోతోంది. ఎనిమిది దేశాల ఆటగాళ్ళు మన గడ్డమీద చస్తే ఇంక మన మొహం ఎవరు చూస్తారయ్యా?"

"ఎవరి పనండి?"

"పోయినేడు రేపల్లెలో మీ బావని చంపిన ముఠాయే."

ఆశీర్వాదం కుర్చీలో లేచి కూర్చున్నాడు.

బావ అంద్రెయ కూడా ఏజెంటే. ఆ రోజు రేపల్లెలో సైకిలుకు పంచరు వేయించుకున్నాడు. షాపువాడు ట్యూబుకు పట్టీ అతికించి, నీళ్ళతొట్టిలో ముంచి చూడకుండానే టైరులోకి ఎక్కించేశాడు. పక్కనే ఉన్న ఆశీర్వాదం చూశాడు. చూసి ఊరుకున్నాడు. బావ బెల్లు కొట్టుకుంటూ వీధి మలుపు తిరిగాడు. అంతే, పెద్ద చప్పుడు. ట్యూబులో బాంబు పెట్టారు. చూసి ఊరుకున్న సంగతి అక్క సరోజకు కూడా చెప్పలేదు. ఏడాదిగా ఆ బెల్లు అతని చెవిలో మోగుతూనే ఉంది.

మర్నాడు బాపట్లలో గోళీసోడా బండి తోసుకుంటూ మైదానంలోకి వెళ్ళాడు. సోడాల కింద దాచిన డిటెక్టర్ ప్రతి సైకిలు దగ్గరా కూసింది. సైకిలన్నాక ఇనుమే కదా!

ఎర్రచీర, నల్లకళ్ళద్దాలతో విదేశీయుల ఇంటర్‌ప్రెటర్ రిబ్కా వచ్చింది. రెండువైపులా పనిచేసే డబుల్ ఏజెంట్.

"సోడా కొట్టన్నా," అని గొంతు తగ్గించింది. "ఏడో నంబరు. హ్యాండిల్లో."

సోడా అందిస్తున్నట్టు వంగి పిడి లాగి చూశాడు. ఖాళీ.

"ఏంటమ్మా ఇది?"

రిబ్కా మొహం పాలిపోయింది. "నాకు అదే చెప్పారన్నా. నన్ను కూడా నమ్మట్లేదన్నమాట."

అక్కడే ఖాకీ నిక్కరు మెకానిక్ ఒకడు ఆ సైకిలు వెనకచక్రం బిగిస్తున్నాడు. "పంచరు వేసేశానండి. నలభయ్యేళ్ళుగా తెనాల్లో ఇదే పని," అన్నాడు అడక్కుండానే. రైడరు సైకిలు తీసుకుని స్టార్టింగ్ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆశీర్వాదం మెకానిక్ నీళ్ళతొట్టి చూశాడు. నీళ్ళమీద పొద్దుటి దుమ్ము చెదరకుండా తెట్టెకట్టి ఉంది.

బెల్లు మోగింది. ఆ సైకిళ్ళకు బెల్లులుండవు.

"రైడర్స్ రెడీ!"

ఆశీర్వాదం పరుగెత్తాడు. ఏడో నంబరు రైడర్ని తోసేశాడు. గేటు పడింది. మిగతా ఏడుగురూ దిబ్బల మీంచి ఎగురుతూ వెళ్ళిపోయారు. అతను సైకిలు ఈడ్చుకెళ్ళి, కత్తితో టైరు చీల్చి పట్టీ పీకి, ట్రాక్ తడిపే డ్రమ్ములో చక్రం ముంచి పట్టుకున్నాడు. లోపల టిక్కు టిక్కుమంటోంది. బుడగలు వచ్చాయి. ఒకటి. ఇంకొకటి. టిక్కుమనడం ఆగింది.

వెనక రిబ్కా పిస్టలు మెకానిక్ మెడమీద ఉంది. "ఎలా కనిపెట్టావ్?" అన్నాడు వాడు.

"తొట్టిలో ముంచని ట్యూబు తెనాలివాడు ఎక్కించడు," అన్నాడు ఆశీర్వాదం. ఈ మాట ఏడాది ఆలస్యమైంది.

సాయంత్రం చీఫ్‌కు ఫోన్ చేశాడు. "రేపు రేపల్లె వెళ్తానండి. అక్కకి ఒకటి చెప్పాలి."

"సరే. పన్ను ఎలా ఉందయ్యా?"

ఆశీర్వాదం బయటికి చూశాడు. వీధిలో సైకిలు లేదు. బెల్లు మోగుతోంది.

"ఊడిందండి. నొప్పే ఇంకా అక్కడే ఉంది."