మూడో మలుపు దగ్గర మావాళ్ళు

నలుగురిలో ఉన్నప్పుడు, తనవాడనుకున్న మనిషి తనను తెలియనట్టు చూస్తాడేమోనని ఆమెకు భయం. అన్నిటికంటే పెద్ద భయం అదే. చీకటికీ ఉరుముకీ ఆమె అంతగా బెదరదు.

ఆ భయం ఊరికే రాలేదు. మొదటి పెళ్ళిలో మొగుడు ఆమెను కాస్త వెనకగా నడవమనేవాడు. దారిలో స్నేహితులు ఎదురై "ఎవరూ?" అనడిగితే, "మా వీధిలో వాళ్ళు" అనేవాడు. పెళ్ళాం చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోవడం ఆయనగారికి నామోషీ. ఆ కాపురం నిలవలేదు. చంకలో పాపతో, చేతిలో సంచితో ఆమె మేనత్త దగ్గరికి వచ్చేసింది.

అత్తకు డ్రైక్లీనింగ్ షాపు ఉంది. ముందు కౌంటరు, వెనక ఆవిరి ఇస్త్రీ, పైన రెండు గదుల ఇల్లు. అత్తకు మేనకోడలంటే ప్రాణం, మోటారు రేసులంటే అంతకంటే కాస్త ఎక్కువ. కౌంటరు పైనున్న టీవీలో బళ్ళు తిరుగుతుంటే ఎవరి కోటు ఎవరి కవర్లో పెడుతుందో ఆవిడకే తెలియదు. ఆవిడ అభిమానించే ఎర్రబండి ఓడిన రోజున కస్టమర్లు చిల్లర అడగడానికి కూడా జంకుతారు.

అలాంటి షాపుకి ఒక సాయంత్రం ఒక అబ్బాయి వచ్చి, మెడ దగ్గర్నుంచి మడమల దాకా ఒకే ముక్కగా ఉన్న నారింజరంగు డ్రెస్సొకటి కౌంటరు మీద పెట్టాడు.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గ్యాస్ సిలిండర్లు వేస్తారా?"

"కాదండీ."

"పైపులు బాగుచేస్తారా?"

"కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తానండీ."

"అద్దాలు అరగదియ్యడానికి ఇంత డ్రెస్సా?"

"ఇది సెలవు రోజులకి. రేసుల్లో మలుపు దగ్గర నించుని జెండా ఊపుతాను."

"జీతం బాగా ఇస్తారా?"

"ఏమీ ఇవ్వరండీ."

"పాపం" అందామె. నిజంగానే జాలిపడింది.

అతనికి చురుక్కుమంది. "పాపం అనకండి. నేను పసుపు జెండా ఎత్తితే, గాలిలా వచ్చే బండి కూడా బుద్ధిగా నెమ్మదిస్తుంది."

"అయితే ఆ జెండా మాకో పూట అద్దెకివ్వండి. మా తుర్రుపిట్ట నేను గరిటె ఎత్తినా ఆగదు."

తుర్రుపిట్ట అంటే ఆమె నాలుగేళ్ళ కూతురు. ఆ సమయానికి కౌంటరు కింద హ్యాంగర్లతో ఇల్లు కడుతోంది.

ఈ మాటలు విని వెనక గదిలోంచి అత్త ఇస్త్రీ పెట్టె కూడా ఆపకుండా పరిగెత్తుకొచ్చింది. "ఏ మలుపు బాబూ?"

"మూడోదండీ."

సాక్షాత్తూ ఎర్రబండే వచ్చి గుమ్మం ముందు ఆగినట్టు అత్త అతన్ని కళ్ళప్పగించి చూసింది. వెనక ఎవరిదో చొక్కా కాలిన వాసన వచ్చింది.

ఆ తర్వాత అతని బట్టలు తెగ మాసిపోవడం మొదలుపెట్టాయి.

"ఈ చొక్కా మొన్ననే కదండీ ఉతికింది" అనేదామె.

"కాలరు చూడండి."

"కాలరు అద్దంలా ఉంది."

"అయితే అందులో మీ మొహం చూసుకోండి. నవ్వుతున్నారు."

ఆమె గబుక్కున మూతి బిగించేది. అతను వెళ్ళాక మళ్ళీ వదులయ్యేది. పాప కోసం పగిలిపోయిన కళ్ళజోడు ఫ్రేములు తెచ్చి ఇచ్చేవాడు. అది అద్దాల్లేని జోడు పెట్టుకుని, "అమ్మా, నాకు ఇప్పుడు అన్నీ బాగా కనబడుతున్నాయి" అనేది. 'నాకూ' అనుకునేది ఆమె, పైకి అనకుండా.

ఏడాదికొక్కసారి జరిగే పెద్ద రేసు దగ్గరపడింది. అతను మూడు టిక్కెట్లు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. "నేను నించునే చోటుకి సరిగ్గా వెనకే మీ సీట్లు."

అత్త టిక్కెట్లు లాక్కుని కళ్ళకద్దుకుంది. ఆమెకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. "అక్కడ మీతో పనిచేసేవాళ్ళంతా ఉంటారు కదా?"

"ఉంటారండీ."

"మరి మేమెందుకు?"

"అందుకే" అని, ఇంకేదో చెప్పబోయి, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

*

రేసు రోజు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. అత్త ఎర్రటోపీ పెట్టుకుంది. పాప చెవులకు మోత తగలకుండా రెండు పెద్ద మూతలు, వాటి మధ్య చిన్న మొహం. ఆమె మెడలో కొత్త పసుపు స్కార్ఫు. ఎందుకు కట్టుకున్నావని అడిగితే, ఎండకి అని చెప్పింది. అప్పటికింకా ఎండ రాలేదు.

మూడో మలుపు స్టాండు నిండా జనం. కింద ఇనుప కంచె, కంచె అవతల చిన్న అరుగు, అరుగు మీద అతను. నిన్న ఆమె కవర్లోంచి తీసి ఇచ్చిన డ్రెస్సు, గీత చెదరకుండా ఉంది. చూడగానే ఆమె గుండె పొంగింది.

పెద్ద రేసుకి ముందు చిన్న బళ్ళ రేసొకటి మొదలైంది. ఆ మోతకి కూర్చున్న బెంచీ కూడా వణికింది. బళ్ళు అటు వెళ్ళి, మళ్ళీ వచ్చేలోగా అతను ఒక్కసారి వెనక్కి తిరిగాడు. నేరుగా వీళ్ళనే చూశాడు.

పాప బెంచీ ఎక్కి రెండు చేతులూ ఊపింది. "జెండా మామయ్యా" అని కేక.

అతను చెయ్యి ఊపలేదు. నవ్వనూ లేదు. చుట్టిన జెండాతో సహా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ట్రాక్ వైపు తిరిగిపోయాడు.

"చూళ్ళేదేమో" అంది అత్త.

"చూశాడత్తా."

"చూస్తే ఊపడూ? వాడికి జెండా ఊపడం తప్ప వేరే పనేముంది?"

ఆమెకు ఎక్కడో పాత గొంతు వినబడింది, 'మా వీధిలో వాళ్ళు' అని. ఇంటికి వెళ్ళిపోదామా అని నోటిదాకా వచ్చింది. అప్పుడే పాప ఆమె చెంప పట్టుకుని, "మామయ్యకి మనం గుర్తులేమా?" అనడిగింది.

ఆ మాటతో ఆమెకు ఎక్కడలేని తెగువ వచ్చింది. తనను మరిచిపోతే మానె, పిల్లను మరిచిపోవడమేమిటి? మెడలో స్కార్ఫు లాగి, బెంచీ ఎక్కి, తల మీదుగా బారెడు గుడ్డ గిరగిరా ఊపింది. ఇప్పుడు చూడకుండా ఎలా ఉంటాడో తేల్చుకుందామని.

అతను చూడలేదు. దూరం నుంచి వస్తున్న బండివాడు చూశాడు.

వాడికి కనబడింది జెండా మనిషి నెత్తిన పసుపు గుడ్డ. ముందు ప్రమాదం, నెమ్మదించు అని దాని అర్థం. ఆ బండి ఠక్కున వేగం తగ్గించింది. వెనక వస్తున్న రెండు బళ్ళు దాన్ని తప్పించుకోవడానికి చెరోపక్కకీ తుళ్ళిపడ్డాయి. అతను క్షణంలో పచ్చజెండా విప్పి, దారి బాగానే ఉంది పొమ్మని చూపించాడు. బళ్ళు మళ్ళీ పరుగందుకున్నాయి. స్టాండంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

ఆమె బెంచీ మీద బొమ్మలా నిలబడిపోయింది, చేతిలో స్కార్ఫుతో.

చిన్న రేసు అయిపోగానే ఆ మలుపుకి పెద్దాఫీసరు కంచె దగ్గరికి వచ్చాడు. మీసాలు గుబురుగా, గొంతు అంతకంటే గుబురుగా. "ఆ పసుపు గుడ్డ ఎవరిది?"

జనం చేతులన్నీ ఆమె వైపే తిరిగాయి.

"బయటికి పంపించెయ్యండి. ఎవరి తాలూకు వీళ్ళు? ఎవరు పిలిచారు?"

ఆమెకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. అతను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. మెదిపితే పెద్ద రేసుకి ఆ అరుగు మీద అతన్ని నించోనివ్వరు. తెలియనట్టు ఉండిపోవడానికి ఇంతకంటే మంచి సమయం ఏ మగవాడికీ దొరకదు. అలా ఉండిపోయినా తప్పు పట్టకూడదని ఆమె తనకు తానే చెప్పుకుంది.

"మావాళ్ళే సార్" అన్నాడతను.

పెద్దాఫీసరు వెనక్కి తిరిగాడు. తోటి నారింజ డ్రెస్సులవాళ్ళంతా తిరిగారు.

"నేనే పిలిచాను సార్. ఇక్కడ చెయ్యి గానీ గుడ్డ గానీ ఊపకూడదని వాళ్ళకి చెప్పలేదు. తప్పు నాదే."

"మావాళ్ళంటే? చుట్టాలా?"

అతను ఒక్క క్షణం తటపటాయించి, గొంతు సవరించుకున్నాడు. చివరి వరసలో వాళ్ళకి కూడా వినబడేట్టే చెప్పాడు. "ఆవిడ ఒప్పుకుంటే మా ఇంటావిడ సార్. పాప ఒప్పుకుంటే మా పాప. ఆ ఎర్రటోపీ ఆవిడ మా అత్తగారు."

"అత్తగారా?" అంది అత్త. "నేను దానికి కదయ్యా అత్తని, నీకెప్పట్నుంచి?"

"మీరు సరేనంటే ఇప్పట్నుంచండీ."

స్టాండులో నవ్వులు. పెద్దాఫీసరు మీసం కూడా కొద్దిగా కదిలింది.

ఆమె కంచె దాకా దిగి వచ్చింది. "పాప చెయ్యి ఊపితే మొహం తిప్పుకున్నారెందుకు?"

"బళ్ళు తిరుగుతున్నప్పుడు నేను చెయ్యి ఎత్తితే, వాళ్ళకి దానికో అర్థం ఉంటుందండీ. పాపని చూశాక నా చెయ్యి నా మాట వినేట్టు లేదు. అందుకే వెనక్కి పెట్టి కట్టేసుకున్నా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కన్నీళ్ళూ వచ్చాయి.

పెద్దాఫీసరు దగ్గాడు. "వీడి చెయ్యి చురుకైంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇద్దర్నీ పంపించేవాణ్ణి. ఆ గుడ్డ సాయంత్రం దాకా నా దగ్గరుంటుంది." స్కార్ఫు అందుకుని జేబులో కుక్కుకున్నాడు. "ఇంతకీ ఏమంటావమ్మా? వీడు పెద్ద రేసులో కుదురుగా నించోవాలి. చెప్పేస్తే నాకు పని తేలికవుతుంది."

స్టాండంతా ఆమెనే చూస్తోంది. నలుగురు కాదు, నాలుగు వేల మంది ఉంటారేమో. చిత్రంగా ఆమెకు భయం వెయ్యలేదు.

"పచ్చజెండా ఆయన చేతిలోనే ఉంది కదండీ" అంది. "నా తరఫున కూడా ఆయన్నే ఊపమనండి."

ట్రాక్ ఖాళీగా ఉంది. పెద్దాఫీసరు సరేనన్నట్టు తలూపాడు. అతను పచ్చజెండా విప్పి, స్టాండు వైపు తిరిగి, చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాడు. పాప తిరిగి ఊపింది. అత్త టోపీ ఊపింది.

*

పెద్ద రేసు సగంలో ఉండగా, ఒక బండి మలుపులో గిర్రున తిరిగి ట్రాక్ కి అడ్డంగా ఆగిపోయింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. దుమ్ము ముందు అతని పసుపు జెండా ఒక్కటే కనబడింది. దూసుకొస్తున్న బళ్ళన్నీ, అత్తగారి ఎర్రబండితో సహా, తల వంచుకున్నట్టు నెమ్మదించి పక్కనుంచి వెళ్ళాయి. లోపలి మనిషి క్షేమంగా దిగి కంచె దాటేదాకా ఆ జెండా ఆగలేదు.

పక్కనున్న ఒక పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "ఎవరమ్మా ఆ అబ్బాయి, ఎంత మంది ప్రాణాలు కాచాడు" అంది.

"మా ఆయనండీ" అందామె.

"కాబోయే" అని సర్దింది అత్త.

"ఆ డ్రెస్సు ఇస్త్రీ చేసింది కూడా నేనే" అందామె. పెద్దావిడకు వినబడలేదేమోనని మళ్ళీ ఇంకాస్త గట్టిగా చెప్పింది. ముందు వరసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. చూడనిమ్మంది.

ఎర్రబండి ఆ రోజు ఓడిపోయింది. అయినా మర్నాడు అత్త వచ్చినవాళ్ళందరికీ చిల్లర లెక్క చూడకుండా ఇచ్చేసింది.

ఈ ఏడాది పెద్ద రేసుకి ఆమె వెళ్ళడం లేదు. ఒళ్ళో నెలల బాబు, ఆ మోత వాడు తట్టుకోలేడు. అతను మాత్రం పొద్దున్నే వెళ్తాడు. ఎండలో నించుంటే అతనికి ఒంటి మీద ధ్యాస ఉండదు. మీరెవరైనా వెళ్తే, దయచేసి మూడో మలుపు దగ్గర ఒక్కసారి ఆగండి. బళ్ళు లేనప్పుడు చూసి, మంచినీళ్ళు తాగారా అని అడగండి. తాగానంటాడు. నమ్మొద్దు. సీసా ఎత్తి చూపించమనండి.